అరికాళ్ల సాక్ష్యం

ఆదివారం పొద్దున మేస్త్రీ కుడివైపుకి ఒత్తిగిలగానే బీరువా పైకి లేచింది.

లేచి, కిటికీ మీదుగా వెళ్లి, మళ్లీ కింది నుంచి పైకి వచ్చింది. దాని వెనకే గోడ గడియారం, గడియారం వెనకే తలుపు. మేస్త్రీ రెండు చేతులా మంచం పట్టె బిగించి పట్టుకున్నాడు. అరనిమిషానికి అన్నీ వేటి చోటికి అవి వచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి. నిలబడింది బీరువాయే అయినా ఊపిరి పీల్చుకున్నది మేస్త్రీ.

భార్య టీ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయింది.

“మంచాన్ని ఎందుకట్లా పట్టుకున్నారు?”

“ఎటూ పోకుండా.”

“పెళ్లైనప్పటి నుంచీ అక్కడే ఉంది. పోయేదైతే ఎప్పుడో పోయేది.”

తల తిరిగిన మనిషి మొదట అనుమానించేది తలని కాదు. అనుమానించే పని తలదే కాబట్టి అది తనని వదిలేసి మిగతా అందర్నీ నిలదీస్తుంది. మేస్త్రీ ఇంటిని అనుమానించాడు. టీ ముట్టకుండా బయటికెళ్లి పునాది చుట్టూ వంగి వంగి చూశాడు. అతను వంగినప్పుడల్లా నేల కూడా కొంచెం అతని వైపుకి వంగింది.

పక్కవాటా పెద్దాయన పళ్లు తోముకుంటూ అడిగాడు. “ఏంటి మేస్త్రీ, ఏమన్నా పడిందా?”

“పడలేదు. పడబోతోంది. ఇల్లు ఒకవైపుకి కుంగుతోంది.”

ఇంకెవరైనా అంటే నవ్వేవాళ్లు. అన్నది మేస్త్రీ. మధ్యాహ్నానికల్లా పైవాటా వాళ్లు బీరువాని గోడ దగ్గర్నుంచి గది నడుమకి జరిపారు. పెద్దాయన తన స్కూటర్ని వీధి అవతల పెట్టుకుని, గంటకోసారి వచ్చి ఇంటిని తేరిపార చూసి వెళ్లాడు.

అతని మాటకి అంత విలువ ఉండటానికి కారణం అతని పేరు. అందరూ అతన్ని కంటిమట్టం మేస్త్రీ అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఇళ్లలో, బడుల్లో, దుకాణాల్లో టైల్స్ పరుస్తున్నాడు. మిగతా మేస్త్రీలు నేల మట్టం చూసుకోవడానికి నీళ్ల గొట్టం వాడతారు. లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొస ఈ గోడకి, రెండో కొస ఆ గోడకి ఆనిస్తే, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఆ ఎత్తున గీత గీసి దారం కడతారు. మేస్త్రీకి ఆ గొట్టమంటే అసహ్యం. అతను గుమ్మంలో నిలబడి, తల కొంచెం పక్కకి వంచి, ఒక కన్ను మూసి, “ఆ మేకు ఇంకాస్త పైకి... చాలు” అంటాడు. అక్కడ దారం పడుతుంది. దాన్ని ఇంకెవరూ కొలవడానికి వీల్లేదు. ఒకసారి గొట్టం పట్టుకొచ్చిన కూలీని గొట్టంతో సహా వెనక్కి పంపేశాడు.

పదకొండేళ్లుగా అతనికి చేదోడు అతని బావమరిది. గుబురు మీసం, నెమ్మది మనిషి. అతనిలో మేస్త్రీకి కనిపించిన లోపం ఒక్కటే. పని అయ్యాక సామాను సర్దడానికి గంట పడుతుంది. మేస్త్రీ చేతులు కడుక్కుని, ఇంటివాళ్లు ఇచ్చిన టీ తాగి, ‘కళ్లా అవి!’ అనే మాట విని, వీధిలోకొచ్చి నిలబడినా లోపల రబ్బరు సుత్తి చప్పుడు ఆగదు.

“రెండు తాపీలు, ఒక బకెట్టు. వాటికి గంటా? ఏం చేస్తున్నావురా లోపల?”

“దుమ్ము దులుపుతున్నా బావా.”

“సుత్తితోనా?”

“గట్టి దుమ్ము బావా.”

ఇంకో చిన్న సంగతి ఉంది. కొన్నేళ్లుగా, తను పరిచిన నేల మర్నాడు పొద్దున చూస్తే ఒక పిసరు కుడికి వాలినట్టు మేస్త్రీకి కనిపిస్తుంది. దానికి అతను ఒక సిద్ధాంతం కట్టుకున్నాడు. రాత్రికి సిమెంటు కూర్చుంటుంది. ఈ ముక్క ఎంత నమ్మకంగా చెప్పేవాడంటే, ఇప్పుడు ఊళ్లో మిగతా మేస్త్రీలు కూడా ‘రాత్రికి కూర్చుంటుందండీ’ అని ఇంటివాళ్లకి చెబుతున్నారు.

సోమవారం బడి హాల్లో పని. శనివారం పరిచిన మూడు వరుసలు అతని కంటికి యథాప్రకారం కుడికి వాలి కనిపించాయి. వేరే రోజైతే సిమెంటు మీద పెట్టి ఊరుకునేవాడు. కానీ నిన్న బీరువా లేచింది. ఇవాళ చెప్పులు వేసుకోవడానికి వంగితే గడప లేచింది. ఇల్లు కుంగడం లేదేమో. కుంగుతున్నది తన కన్నేమో.

ఆ ఆలోచనని అతను రెండో క్షణం కూడా తలలో ఉండనివ్వలేదు.

“ఈ మూడు వరుసలూ పీకెయ్.”

బావమరిది నోరెళ్లబెట్టాడు. “బావా, ఇవి సరిగ్గా ఉన్నాయి.”

“నీకెట్లా తెలుసు?”

ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబుంది. కానీ చెప్పలేని జవాబు. మీసం సర్దుకుని వరుసలు పీకాడు. మేస్త్రీ మళ్లీ పరిచాడు. సాయంత్రం బావమరిది ఎప్పటికంటే ఎక్కువసేపు సామాను సర్దాడు. మంగళవారం పొద్దున అవి మళ్లీ కుడికి వాలి ఉన్నాయి. మళ్లీ పీకించాడు. బుధవారం మళ్లీ.

ఇంట్లో అతను మెడ తిప్పడం మానేశాడు. ఎవరైనా పిలిస్తే తలుపు తిరిగినట్టు ఒళ్లంతా తిప్పి చూసేవాడు. దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోయేవాడు. కింద పడ్డ దువ్వెన మూడు రోజులు కిందే ఉంది.

“నాతో మాట్లాడటానికి అంత ఒళ్లు తిప్పాలా? మెడ చాలు నాకు” అంది భార్య.

“మెడ పట్టేసింది.”

“తమ్ముడు అంతా చెప్పాడు. మంచి టైల్స్ మూడుసార్లు పీకించారట. తల తిరుగుతోందా?”

“నా తల తిరగడం లేదే. లోకం తిరుగుతోంది.”

“లోకం తిరిగితే నాకూ తెలిసేది. నేనూ ఇందులోనే ఉన్నాను.”

మేస్త్రీ గోడవైపు చూస్తూ, “కన్ను పోయిందేమోనే” అన్నాడు. “కన్ను పోతే నేనిక ఎవర్ని? కంటిమట్టం అనే పేరులోంచి కన్ను తీసేస్తే ఏం మిగులుతుంది?”

“మనిషి మిగులుతాడు. పదండి డాక్టరమ్మ దగ్గరికి.”

ఊళ్లో తల తిరిగేవాళ్లంతా వెళ్లేది ఒక చెవి డాక్టరమ్మ దగ్గరికి. అతను ఒప్పుకోవడానికి కారణం వైద్యం మీద గురి కాదు. ఆ ఆస్పత్రి నేల తనదే. రెండేళ్ల కిందట, బావమరిది కాలు బెణికి మూడు వారాలు మంచంలో ఉన్నప్పుడు, ఒక్కడే పరిచిన నేల. ఎవరి చేయీ పడని పని. మర్నాడు పొద్దున కూడా కుడికి వాలకుండా, కంటికి తీర్చి దిద్దినట్టు నిలిచిన నేల ఈ కొన్నేళ్లలో అదొక్కటే. ఆ సిమెంటు గొప్పదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. లోకమంతా ఊగుతున్న వారంలో, కాలు పెట్టడానికి అతనికి గట్టి చోటు అదొక్కటే అనిపించింది.

గురువారం సాయంత్రం ముగ్గురూ వెళ్లారు. బావమరిది పనిసంచీ భుజాన వేసుకునే వచ్చాడు. మేస్త్రీ గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టాడు.

కళ్లకి నేల సమంగా ఉంది. కాళ్లకి వాలుగా ఉంది.

అతను ఆగాడు. ఇంకో అడుగు వేశాడు. ఎవరో చొక్కా పట్టుకుని మెల్లగా ఎడమవైపుకి లాగుతున్నట్టుంది. చెమట పట్టింది. తన కళ్లెదుట తన చేతిపని నున్నగా మెరుస్తోంది. దాని మీద నడవలేకపోతున్నాడు. జబ్బు బాగా ముదిరిందనుకున్నాడు.

బెంచీ మీద ఇద్దరున్నారు. కుట్టుపని చేసే ఆవిడ ఒకరు, రిటైరైన పోస్టుమాస్టరు ఒకరు. పోస్టుమాస్టరు కొంచెం జరిగి చోటిచ్చాడు.

“ఎడమవైపుకి లాగుతోందా?”

“మీకెట్లా తెలుసు?”

“ఇక్కడ అందర్నీ ఎడమకే లాగుతుందండీ. నేను ఏడోసారి రావడం. ఇంట్లో బాగానే ఉంటున్నా. ఇక్కడికొస్తేనే జబ్బు బయటపడుతుంది. నేలే వంకరని నా అనుమానం.”

కుట్టుపని ఆవిడ అందుకుంది. “అనుమానం ఏంటండీ, వంకరే. ఇందాక నా బొత్తాం ఒకటి పడితే దానంతటది దొర్లుకుంటూ ఆ ఎడమ మూలకి పోయింది. పోయినసారి మాత్ర కూడా అంతే.”

మేస్త్రీకి ఒళ్లు మండింది. “నేల వంకర కాదమ్మా. మీ చెవి వంకర” అన్నాడు. మందుల కిటికీ దగ్గర కూర్చున్న కాంపౌండరు గట్టిగా తలూపాడు.

“బాగా చెప్పారు. వచ్చిన ప్రతి ఒక్కరూ నేలనే అంటారు. నేల బాగోలేదంటే సివిల్ ఇంజినీరు దగ్గరికి పోవాలి గానీ ఇక్కడికెందుకు రావడం?”

బావమరిది మాత్రం గోడ వారగా నిలబడి, ఎడమ మూలని, దొర్లిపోయిన బొత్తాన్ని, మళ్లీ ఎడమ మూలని చూస్తున్నాడు.

డాక్టరమ్మ సన్నగా, చురుగ్గా ఉంది. మేస్త్రీని కళ్లు మూసుకుని టైల్స్ మధ్య గీత వెంబడి నడవమంది. నాలుగు అడుగులకి అతను ఎడమ గోడ దగ్గర తేలాడు.

“ఎడమ చెవే అయ్యుంటుంది” అని ఆమె ఉత్సాహంగా రాసుకుంది. “రెండేళ్లుగా చూస్తున్నానండీ. ఈ ఊళ్లో తల తిరిగేవాళ్లలో ఎక్కువమందికి ఎడమ చెవే. నీళ్లో, గాలో తెలీదు. దీని మీద ఒక వ్యాసం కూడా రాస్తున్నాను.”

తర్వాత బల్ల మీద కూర్చోబెట్టి, తల పట్టుకుని కుడికి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది. తల బల్ల అంచు దాటి కిందికి వేలాడింది. గదిలో ఉన్న బీరువాలన్నీ లేచాయి. మేస్త్రీ కాంపౌండరు చేతిని మంచం పట్టెలా పట్టుకున్నాడు.

“కళ్లు మూయకండి. నాకు కావలసింది మీ కళ్లే... ఊఁ, ఎగురుతున్నాయి.” ఆమె మొహం చిన్నబోయింది. “ఇది కుడి చెవండీ. చెవి కుడిది, మీరు జరిగింది ఎడమకి. నా వ్యాసానికి మీరొక్కరే అడ్డం పడుతున్నారు.”

“క్షమించండి” అన్నాడు మేస్త్రీ, తలకిందులుగా.

లేపి కూర్చోబెట్టాక ఆమె బల్ల మీది నుంచి ఒక ప్లాస్టిక్ చెవి తీసింది. లోపల వంకీలు తిరిగిన మూడు గొట్టాలున్నాయి.

“మీరు పడిపోకుండా నిలబడాలంటే ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్పాలి. కళ్లు, చెవి, అరికాళ్లు. ముగ్గురూ ఒకటే చెబితే ఒంటికి అసలు వాళ్లున్నట్టే తెలీదు. ఒకరు మాట మార్చారనుకోండి, అప్పుడు తల తిరుగుతుంది. చెవిలో ఈ గొట్టాల నిండా నీళ్లుంటాయి. పక్కనే సున్నపు రేణువుల్లాంటివి అతుక్కుని ఉంటాయి. ఒక్కోసారి కొన్ని ఊడి గొట్టంలో పడతాయి. మీరు ఒత్తిగిలితే అవి దొర్లుతాయి, నీళ్లు కదులుతాయి. మీరు ఆగినా అవి ఆగవు. దాంతో చెవి, ఇంకా తిరుగుతున్నామని చెబుతుంది.”

మేస్త్రీ ప్లాస్టిక్ చెవిని అలాగే చూస్తుండిపోయాడు. “గొట్టంలో నలక పడిందన్నమాట.”

“అంతే.”

“గొట్టం ఎత్తి నాలుగు వైపులా వంచి తిప్పితే నలక బయటికి పోతుందండీ” అన్నాడు గుమ్మంలోంచి బావమరిది.

డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. “సరిగ్గా అదే చేస్తాం ఇప్పుడు.”

మేస్త్రీ ఒళ్లంతా తిప్పి బావమరిది వైపు చూశాడు. “గొట్టం సంగతులు నీకెట్లా తెలుసురా?”

“ఎక్కడో విన్నా బావా.”

“ఒక్కో చెవికి మూడా ఇవి?” అని అడిగాడు మేస్త్రీ డాక్టరమ్మని.

“మూడు. మొత్తం ఆరు.”

ఇరవై ఆరేళ్లు నీళ్ల గొట్టం ముట్టనని మీసం మెలేసిన మనిషి, తలలో ఆరు పెట్టుకుని తిరిగాడు. అతను అవమానపడ్డాడు. ఎవరి ముందో చెప్పలేడు గానీ పడ్డాడు.

డాక్టరమ్మ అతన్ని మళ్లీ పడుకోబెట్టి, వేలాడుతున్న తలని ముందు కుడికి, తర్వాత మెల్లగా ఎడమకి తిప్పింది. ఒక్కో చోట కాసేపు ఆపింది. ఆ తర్వాత ఒళ్లంతా ఎడమకి దొర్లించి, మొహం నేలవైపుకి పెట్టించింది. అతనికి తన నేల మరీ దగ్గరగా కనిపించింది. గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. చివరికి లేపి కూర్చోబెట్టింది. కాసేపు ఆగి, కుడివైపు పడుకోబెట్టి చూసింది. బీరువా బీరువాలాగే ఉంది.

“పోయింది” అంది డాక్టరమ్మ. “మళ్లీ వచ్చినా భయం లేదు, మళ్లీ తిప్పుదాం. ఒకటి అడగనా? మీరు తల ఎప్పుడూ ఇలా ఒకపక్కకి వంచే ఉంచుతారా?”

“పెళ్లిఫోటోలో కూడా అంతేనండీ” అంది భార్య. “ఫోటోగ్రాఫరు చెప్పి చెప్పి విసిగిపోయి కెమెరానే వంచాడు. అందులో మా వాళ్లంతా కొండ ఎక్కుతున్నట్టుంటారు.”

మేస్త్రీ నవ్వుతూ బల్ల దిగాడు. ఐదు రోజుల తర్వాత మొదటిసారి మెడ తిప్పి నవ్వాడు. తల తిరగలేదు. గది తిరగలేదు. ఒక అడుగు వేశాడు.

నేల వాలే ఉంది.

అతని నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దించడం మరచిపోయిన చేయిలా. చెవి బాగైంది. అరికాళ్లు వాలంటున్నాయి. ఇప్పుడు చెవి కూడా వాలంటోంది. కన్ను ఒక్కటే, ఇరవై ఆరేళ్ల ధీమాతో, సమం సమం అంటోంది. ఇద్దరు ఒక మాట, ఒకరు ఒక మాట. ఆ ఒక్కరి పేరు మీదే తను బతికాడు.

ఏమీ అనకుండా వెళ్లిపోవచ్చు. ఆ సంగతి అతనికి చాలా స్పష్టంగా తెలిసింది. ఇక్కడికొచ్చి నేల వంకర అనేవాళ్లని ఎవరూ నమ్మరు. ఇంతకంటే పదిలంగా తప్పు దాగే చోటు ఊళ్లో ఇంకోటి లేదు. పోస్టుమాస్టరు ఎనిమిదోసారి వస్తాడు. తొమ్మిదోసారి వస్తాడు. కంటిమట్టం కంటిమట్టంగానే ఉంటుంది.

బయటి గదిలోకి వచ్చాడు. పోస్టుమాస్టరు తన వంతు కోసం లేచి, గోడ పట్టుకుని, ఎడమకి పోకుండా ఒళ్లు కుడికి వంచి నడుస్తున్నాడు. ఏడుసార్లు వచ్చి నేర్చుకున్న నడక అది. మేస్త్రీ ఆ నడకని చివరిదాకా చూసి బావమరిది వైపు తిరిగాడు.

“ఒరేయ్” అన్నాడు. “ఆ సంచీలో గొట్టం ఉందా?”

‘గొట్టమా, నా దగ్గరా’ అని బావమరిది అంటాడనుకున్నాడు. అనాలని ఆశపడ్డాడు. బావమరిది సంచీ అడుగున చేయి పెట్టి, చుట్టలు చుట్టిన నీళ్ల గొట్టాన్ని బయటికి తీశాడు. వాడి వాడి మసకబారిన గొట్టం. లోపల నీళ్లు, రెండు కొసలకీ బిరడాలు కూడా ఉన్నాయి.

“ఎన్నాళ్ల నుంచి?”

“పదకొండేళ్లు బావా.”

“గట్టి దుమ్ము...”

“సిమెంటు ఆరకముందే కొట్టాలి కదా బావా. ఎడమవైపు ఒక వేలి మందం ఎత్తేవాణ్ని. అంతే. మిగతా అంతా నీదే. గీతలు నీవే, పొందిక నీదే.” నేలచూపులు చూస్తూ అన్నాడు. “ఇక్కడ మాత్రం నేను లేను.”

మేస్త్రీ భార్యవైపు చూశాడు. ఆమె గోడ మీది చెవి బొమ్మని శ్రద్ధగా చదువుతోంది. ఆమెకీ తెలుసన్నమాట.

అతను గొట్టం ఒక కొస అందుకున్నాడు. ఎడమ గోడ దగ్గరికి వెళ్లాడు. రెండో కొసతో బావమరిది కుడి గోడ దగ్గరికి వెళ్లాడు. అక్కడ నేల నుంచి నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో, ఇక్కడ ఎంత ఎత్తున ఉన్నాయో తాపీ పిడి మీద గీత పెట్టి కొలిచారు. ఎడమవైపు నేల ఒక బొటనవేలి మందం కిందికి ఉంది.

పోస్టుమాస్టరు గోడ వదిలేశాడు. “చెప్పానా! ఏడుసార్లు చెప్పాను!”

“నా బొత్తాం ముందే చెప్పింది” అంది కుట్టుపని ఆవిడ.

“ఈ నేల వేసిందెవడో వాణ్ని తీసుకొచ్చి దీని మీదే నడిపించాలి” అన్నాడు కాంపౌండరు, క్షణంలో పక్షం మార్చేసి.

“నడిచాడు” అన్నాడు మేస్త్రీ. “నేనే.”

డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి గొట్టంలో నీళ్లని చూస్తోంది. ఆమె చేతిలో వ్యాసం కాగితాలున్నాయి. “అయితే ఎడమ చెవులు...” అని మొదలుపెట్టి, ముగించకుండా, కాగితాలని మధ్యకి మడిచింది.

నేల మళ్లీ పరవడానికి ఐదు రోజులు పట్టింది. ఈసారి గొట్టం ఒక కొస మేస్త్రీయే పట్టుకున్నాడు. మొదట్లో దాన్ని తోక పట్టుకున్న పాములా దూరంగా పట్టుకున్నాడు. మూడో రోజుకి, “నీళ్లు ఆడుతున్నాయిరా, కదలకు” అని బావమరిదిని కసిరేంత చనువు వచ్చింది. అంతా అయ్యాక గుమ్మంలో నిలబడి, తల వంచి, ఒక కన్ను మూసి చూశాడు. నేల ఒక పిసరు కుడికి వాలినట్టు కనిపించింది. కన్ను తెరిచి నడిచాడు. అరికాళ్లకి ఏ ఫిర్యాదూ లేదు. పోస్టుమాస్టరు మాత్రం వచ్చి, అలవాటు కొద్దీ ఒళ్లు కుడికి వంచి నడిచి, కుడి గోడకి గుద్దుకున్నాడు. కొత్త నేల వంకరగా ఉందని డాక్టరమ్మకి ఫిర్యాదు చేశాడు.

ఆ తర్వాత సోమవారం బడి హాలు పని మళ్లీ మొదలైంది. అసలు సంగతి ఆస్పత్రి దాటి బయటికి రాలేదో, వచ్చినా ఎవరూ నమ్మలేదో గానీ, సాయంత్రం హెడ్మాస్టరు టీ ఇస్తూ ఎప్పటి మాటే అన్నాడు. “కళ్లా అవి మేస్త్రీ!”

మేస్త్రీ టీ గ్లాసు వైపు చూశాడు. నాలిక చివరిదాకా ఒక మాట వచ్చింది. ఇరవై ఆరేళ్ల అలవాటు దాన్ని వెనక్కి లాగింది. ఇంకేదో దాన్ని ముందుకి తోసింది. రెండూ సరిసమానంగా ఉన్నాయి. చివరికి అతను హాలు తలుపు దగ్గరికి వెళ్లి లోపలికి తొంగిచూడకుండానే కేకేశాడు.

“ఒరేయ్, దుమ్ము బాగా పట్టింది. నిదానంగా సర్దుకునిరా. నాకేం తొందర లేదు.”